దెబ్బ తిన్నవానికి పట్టుబట్ట



అమెరికాలో చదువుకునే మా బంధువుల పిల్లవాడొకడు మొన్న ఫోనులో మాట్లాడుతూ, తమ విశ్వవిద్యాలయంలో బంతాట ఆడే విద్యార్థులకు ఇప్పుడు విశ్వవిద్యాలయమే నేరుగా డబ్బు చెల్లిస్తున్నదని చెప్పి, "ఇది న్యాయమేనా తాతయ్యా?" అని అడిగాడు. న్యాయమో కాదో వెంటనే చెప్పలేకపోయాను. ఈ ప్రశ్న నన్ను ఇంతకుముందే ఒకసారి అడిగినవాడున్నాడు. అప్పుడు నేను జవాబు చెప్పాను, అదీ చాలా గట్టిగా. ఆ జవాబు తప్పని గ్రహించడానికి నాకు చాలా ఏండ్లు పట్టింది. అందుకే ఈ టపా.

అది 1986. నేను తెలుగు పండితునిగా కొలువులో చేరి రెండేండ్లు. మాది కరీంనగరం జిల్లా గోదావరి ఒడ్డు. ఉద్యోగం ఆదిలాబాదు జిల్లా ముధోల్ ప్రాంతంలో, ఇప్పటి లెక్కలో నిర్మల్ జిల్లా. ఆ సీమలో మరాఠీ తెలుగుతో కలిసి నడుస్తుంది. జాతర అంటే కుస్తీలు లేకుండా జరగదు. భైంసా, కుభీరు వైపు నుంచే కాక నాందేడు, ధర్మాబాదుల నుంచి కూడా పహిల్వానులు వస్తారు. డప్పుల మధ్య మొదట చిన్నపిల్లల కొబ్బరికాయ కుస్తీ. గెలిచినవానికి కొబ్బరికాయ. అక్కణ్ణుంచి ఐదు రూపాయలు, పదకొండు, యాభై ఒకటి, నూటపదహారు అని పందెం మెట్టు మెట్టుగా పెరిగి, పొద్దు గుంకే వేళకు ఆఖరి కుస్తీలో వెండి కడియం. ఆ కడియం తొడిగించుకున్నవాణ్ణి భుజాలకెత్తుకొని ఊరేగిస్తారు.

మా పదో తరగతిలో ఒక పిల్లవాడు. తండ్రి పాలేరు. ఉదయం తాలీములో మట్టి తొక్కి, బడికొచ్చి ఛందస్సు చదివేవాడు. యతిస్థానం చెప్పమంటే తల గోక్కునేవాడు గాని, కబడ్డీలో వాణ్ణి పట్టి ఆపగలవాడు చుట్టుపక్కల బడుల్లో లేడు. జోను స్థాయి ఆటల పోటీల నాడే పొరుగూరిలో జాతర పడింది. వీడు పోటీలకు రాలేదు. మా జట్టు మొదటి ఆటకే ఇంటిదారి పట్టింది. సోమవారం నాడు వాచిన చెవితో, జేబులో యాభై ఒక్క రూపాయలతో బడికొచ్చాడు. నేను తరగతి అంతా వినేలా గర్జించాను. ఆట పవిత్రమన్నాను, బడి పేరు నిలబెట్టవలసినవాడు ఊరి పందేనికి ఒళ్లమ్ముకున్నాడన్నాను, ఆటను అమ్ముకున్నవాడు రేపు చదువునూ అమ్ముకుంటాడన్నాను. సంస్కృత సమాసాలు కూడా దొర్లించి ఉంటాను, అప్పుడు నాకు ఇరవై ఆరేండ్లు.

వాడు తల వంచుకొనే అన్నాడు: "సారూ, కబడ్డికి పోతే బస్సు కిరాయి నాదే, తిండి నాదే. మోకాలు పలిగితే మందు పైసలు గూడ నావే. కుస్తీల ఓడినా గని మా వస్తాదు పాలు తాపిస్తడు, పసుపు పట్టు ఏయిస్తడు. రెండూ ఆటలే గద సారూ. పైసలు తీస్కుంటే ఏమాయె?"

ఏమాయెనో చెప్పడానికి నా దగ్గర మాట లేదు. మాట లేనప్పుడు ఉపాధ్యాయుడు చేసే పని ఏమిటో మీకూ తెలుసు. ఆ యాభై ఒక్క రూపాయలను బీద విద్యార్థుల నిధికి ఇమ్మన్నాను. ఇచ్చాడు. తరగతిలో వాడికంటే బీదవాడు ఉన్నాడా అన్న ఆలోచన నాకు ఆ రాత్రి గాని రాలేదు.

తర్వాత చదువుకున్న కొద్దీ నా గర్జన మన గడ్డమీద పుట్టినది కాదని తెలిసివచ్చింది. మొదట మాట సంగతే చూడండి, పండితుని చాపల్యం మన్నించండి. తెలుగులో ఆట అంటే క్రీడ, ఆట అంటే నాట్యం, ఆట అంటే ప్రదర్శన. సినిమాకు మొదటి ఆట, రెండో ఆట అంటాం. కబడ్డీ ఆడినా, భాగవతం ఆడినా ఒకటే క్రియ. మా తెలంగాణ పల్లెల్లో చిందు భాగవతులకు ఊళ్ల మీద మిరాశీ హక్కు ఉండేది. ఆడి, తమకు రావలసిన తూములు తీసుకొని పోయేవారు. ఆడినందుకు తీసుకోవడంలో సిగ్గుపడవలసింది ఉందని వారికెవరూ చెప్పలేదు, చెప్పినా వినేవారు కారు. ఒకే మాట కింద బతికిన ఇద్దరిలో ఒకరికి ప్రతిఫలం హక్కు, మరొకరికి దోషం ఎప్పుడయింది?

చరిత్రలోకి పోదాం. కల్యాణి చాళుక్య చక్రవర్తి మూడవ సోమేశ్వరుడు 1130 ప్రాంతాన 'మానసోల్లాసము' అనే సంస్కృత విజ్ఞాన సర్వస్వాన్ని కూర్చాడు. ఈనాటి కరీంనగరం సీమ ఆనాడు ఆ చాళుక్యుల ఏలుబడి నీడలోనిదే. కాకతీయులు అప్పటికింకా వారి సామంతులు. ఆ గ్రంథంలో మల్లవినోదమని ఒక ప్రకరణముంది. మల్లులను వయస్సు, దేహప్రమాణం, బలాలను బట్టి తరగతులుగా విభజించడం, వారి కసరత్తు, వారి తిండి, ఇవన్నీ రాజు పట్టించుకోవలసిన విషయాలుగా అందులో ఉన్నాయి. మల్లుని పోషణ రాజు ఖర్చు. ఇందులో దయాధర్మాల ఊసు లేదు. ఏనుగుల పోషణ, గుర్రాల పోషణ చెప్పినంత మామూలుగా ఇదీ చెప్పాడు.

దీనికి నాలుగు వందల ఏండ్ల తర్వాతి సాక్ష్యం నాకు మరీ ప్రియమైనది. పోర్చుగీసు గుర్రాల వర్తకుడు ఫెర్నావో నూనిజ్ 1535–37 ప్రాంతంలో, అచ్యుతరాయల కాలాన, విజయనగరంలో ఉన్నాడు. మహర్నవమి ఉత్సవాల వర్ణనలో మల్లుల సంగతి చెప్పాడు. రాయలకు వేయిమంది మల్లులున్నారట. వారికొక నాయకుడున్నాడట. రాజ్యంలో వారు వేరే ఏ కొలువూ చేయరట. చేతుల్లో ములుకులున్న కడియాలు పట్టి ఒకరినొకరు గాయపరచుకుంటారట. ఆ పైన ఒక చిన్న మాట: ఎక్కువ గాయపడినవాడు వెళ్లి తన బహుమానంగా పట్టుబట్ట అందుకుంటాడట.

మొదటిసారి చదివినప్పుడు అచ్చుతప్పేమో అనుకున్నాను. గెలిచినవాడు కదా అందుకోవలసింది? మళ్లీ చదివాను. గాయపడినవాడే. విదేశీయుడు చూసిన దానిలో పొరపాటు ఉండవచ్చునని సందేహించేవారు ఉంటారు. పక్కనే పేయస్ రాసిన దానిలో గెలిచినవారికి మర్యాద చేసే పెద్దల ప్రస్తావన ఉంది. రెండూ నిజమై ఉండవచ్చు. గెలుపుకు మర్యాద, గాయానికి పట్టుబట్ట. నా దృష్టిలో ఈ విషయం మీద ఇంతకంటే లోతైన వ్యాఖ్య ఏ న్యాయస్థానమూ చేయలేదు. అందులో రక్తపాతమున్నది, రాజు వినోదమున్నది, దాన్ని నేను మెచ్చుకోవడం లేదు. కాని తన వినోదం కోసం విరిగిన పన్ను ఎవరి ఖాతాలో పడాలో ఆ రాజుకు తెలిసినట్టుంది.

మరి ఆడి తీసుకోవడం దోషమన్న మాట ఎక్కడిది? పందొమ్మిదవ శతాబ్ది ఇంగ్లండుది. అక్కడ దొరబిడ్డల పాఠశాలల్లో, ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జిల్లో 'అమెచ్యూర్' అనే ఆదర్శం రూపుదిద్దుకున్నది. ఆటను ప్రేమతో ఆడాలి, పైకానికి ఆడరాదు. వినడానికి మన నిష్కామకర్మలాగే ఉంటుంది. నేను మోసపోయింది అక్కడే. దాని అసలు రూపం హెన్లీ పడవపందేల వారు 1879లో చేసిన నియమంలో కనిపిస్తుంది. డబ్బుకు పోటీపడినవాడే కాదు, చేతిపనివాడు, కూలివాడు, అటువంటి వృత్తిలో ఉన్నవాడు అమెచ్యూర్ కాడన్నారు. అంటే ఆటలో డబ్బు తీసుకోకపోయినా, పొట్టకోసం రెక్కలు ఆడించినవాడు పనికిరాడు. ఆ నియమం తెచ్చి మా ముధోల్లో పెడితే పోటీలో దేశముఖు గారి అబ్బాయి ఒక్కడే మిగులుతాడు, వాడూ ఒంటరిగా ఆడాలి.

ఆ నియమానికి బలైనవారిలో పెద్దపేరు జిమ్ థోర్ప్‌ది. అమెరికాలో సాక్ అండ్ ఫాక్స్ అనే ఆదివాసీ తెగవాడు. కార్లైల్ అనే ఊళ్లో ఆదివాసీ పిల్లలకోసం ప్రభుత్వం నడిపిన వసతి పాఠశాల విద్యార్థి. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో పెంటథ్లాన్, డెకథ్లాన్ రెండింటా స్వర్ణం గెలిచాడు. మరుసటి ఏడే పతకాలు ఊడబెరికారు. నేరమేమంటే, 1909, 1910 వేసవుల్లో ఒక చిన్న ఊరి బేస్‌బాల్ జట్టులో కొద్దిపాటి డబ్బుకు ఆడటం. అప్పట్లో కళాశాల కుర్రాళ్లు ఎందరో ఇలాగే వేసవిలో ఆడేవారు, కాని దొంగపేర్లు పెట్టుకొని. థోర్ప్ సొంతపేరుతో ఆడాడు. లోకం తెలియని ఆ నిజాయితీ అతణ్ణి పట్టిచ్చింది. 1953లో కన్నుమూశాడు, పతకాల హక్కును 1982లో తిరిగి ఇచ్చారు, ఏకైక విజేతగా ఒప్పుకొన్నది 2022లో. ఆదిలాబాదు ఆశ్రమ పాఠశాలల గోండు, కోలాం పిల్లలు కాళ్లకు చెప్పులు లేకుండా పరుగెత్తడం చూసినవాణ్ణి కనుక, ఆ కథ నాకు దూరదేశపు కథలా అనిపించదు.

మనవాళ్లు ఈ దొరల నీతిని ఎదిరించలేదు, పక్కనుంచి దారి చేసుకున్నారు. మన దేశపు తొలి టెస్టు నాయకుడు సి.కె. నాయుడు నాగపూరులో స్థిరపడిన తెలుగు కుటుంబంవాడు. 1923లో హోల్కారు మహారాజు ఆయనను ఇందూరుకు పిలిపించి సైన్యంలో కెప్టెను పదవి ఇచ్చాడు, తర్వాత కర్నలయ్యాడు. ఆ హోదా వెనుక ఉన్నది బ్యాటు. ఎవరికీ అభ్యంతరం లేదు.

హైదరాబాదు ఫుట్‌బాల్ కథ ఇంకా విశేషమైనది, అందులోనూ కథానాయకుడు మా వృత్తివాడు. సయ్యద్ అబ్దుల్ రహీం కాచిగూడ మిడిల్ స్కూలులో, చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాలలో పనిచేసిన ఉపాధ్యాయుడు. 'రహీం సాబ్' శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేండ్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన తీర్చిదిద్దిన భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం సాధించింది. ఆ జట్టులో హైదరాబాదీలు ఎందరో. వారు అమెచ్యూర్లేనా? కాగితం మీద నిస్సందేహంగా. ఆట మీద చిల్లిగవ్వ తీసుకోలేదు. తీసుకున్నది పోలీసు జీతం. పోలీసు ఉద్యోగం ఇచ్చింది మాత్రం ఫుట్‌బాలుకే. జీతం నిజం, పని నిజం, ఆ రెండింటినీ కలిపే మాట ఒక్కటే కాగితం మీద ఉండదు. ఒలింపిక్ నియమం చెక్కుచెదరలేదు, ఆటగాని ఇంట్లో పొయ్యీ ఆరలేదు. రహీం సాబ్ 1963 జూన్‌లో క్యాన్సర్‌తో కన్నుమూశాడు. జకార్తా స్వర్ణం తర్వాత ఏడాదైనా నిండలేదు.

ఈ 'ఉద్యోగం ముసుగులో కూలి' పద్ధతిని నేను ఎగతాళి చేయడం లేదు. మనలాంటి పేదదేశంలో అది పనిచేసింది. రైల్వేలు, బ్యాంకులు, పోలీసులు లేకపోతే మనకు క్రీడాచరిత్రే లేదు. మా వైపు సింగరేణి బొగ్గుగనుల్లో, గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి మైదానాల్లో ఆడి, కోల్ ఇండియా పోటీలకు వెళ్లివచ్చిన కార్మికులు నాకు తెలుసు. గనిలో దిగేవాడు మైదానంలోనూ కంపెనీ మనిషే. కాని ఆ ముసుగు ఉద్యోగంలో చేరినవానికే. చదువుకుంటున్న పిల్లవాని సంగతి?

ఇక అమెరికా దగ్గరికి వద్దాం, మా పిల్లవాని ప్రశ్న దగ్గరికి. అక్కడి విశ్వవిద్యాలయాల బంతాటలకు లక్షమంది ప్రేక్షకులు పట్టే మైదానాలున్నాయి, టెలివిజన్ హక్కుల ద్వారా కోట్ల డాలర్లు వస్తాయి. శిక్షకునికి జీతం, ప్రసారకునికి లాభం, అంతా లెక్క ప్రకారం. ఆడేవాడు మాత్రం ఆ లెక్కల్లో ఆటలో అరటిపండు. వానికి చదువు, వసతి ఉచితం. అది తక్కువేమీ కాదు, నిజమే. కాని వానిని 'స్టూడెంట్-అథ్లెట్' అని ఒక జంటమాటతో పిలవడం ఎందుకు మొదలైందో తెలిస్తే మనసు కలత చెందుతుంది.

1955లో కొలరాడో రాష్ట్రంలోని ఫోర్ట్ లూయిస్ అనే చిన్న కళాశాల తరఫున ఫుట్‌బాల్ ఆడుతూ రే డెనిసన్ అనే యువకుడు తలకు దెబ్బ తగిలి మరణించాడు. అతని భార్య, పనిలో మరణించిన కార్మికుల కుటుంబాలకిచ్చే పరిహారం కోరింది. ఆ రాష్ట్రపు సర్వోన్నత న్యాయస్థానం 1957లో కాదన్నది: కళాశాల చేసేది ఫుట్‌బాల్ వ్యాపారం కాదు గనుక అతడు కార్మికుడు కాడు. సరిగ్గా ఆ కాలంలోనే కళాశాలల క్రీడాసంఘం ఆటగాళ్లను ఆ జంటమాటతో తప్ప పిలవరాదని కట్టడి చేసింది. దాని అధిపతిగా 1951 నుంచి 1988 దాకా ఉన్న వాల్టర్ బయర్స్, విరమించిన తర్వాత 1995లో వెలువరించిన పుస్తకంలో తానే ఒప్పుకొన్నాడు: ఆటగాళ్లను ఉద్యోగులుగా గుర్తిస్తారేమోనన్న భయంతోనే ఆ మాటను పుట్టించామని. 1974లో మైదానంలో వెన్ను విరిగి చచ్చుబడిన కెంట్ వాల్‌డ్రెప్ అనే టెక్సస్ విద్యార్థికి కూడా 2000లో న్యాయస్థానం అదే జవాబిచ్చింది.

అంటే చూడండి, లోకమంతా ఈ చర్చను గెలుపులో వాటా గురించిన చర్చగా చూస్తున్నది. మూలంలో అది గాయం గురించిన చర్చ. ఆ జంటమాట పుట్టింది లాభం దాచుకోవడానికన్నా ముందు పరిహారం ఎగ్గొట్టడానికి. నూనిజ్ చూసిన పట్టుబట్ట ఎవరికి చెందిందో, కొలరాడోలో సరిగ్గా అతనికే లేదు పొమ్మన్నారు.

తర్వాతి కథ వేగంగా నడిచింది. 2021 జూన్ 21న అమెరికా సర్వోన్నత న్యాయస్థానం ఆల్‌స్టన్ కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ఏకాభిప్రాయంతో క్రీడాసంఘం ఆంక్షలను తప్పుపట్టింది. జులై 1 నుంచి విద్యార్థులు తమ పేరు, బొమ్మ ప్రకటనలకిచ్చి సంపాదించుకోవచ్చన్నారు. 2025 జూన్ 6న 'హౌస్' దావా ఒప్పందాన్ని న్యాయమూర్తి ఆమోదించారు. దాని ప్రకారం ఒక్కొక్క విశ్వవిద్యాలయం 2025–26లో సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్ల దాకా ఆటగాళ్లకు పంచవచ్చునన్నారు. పాత ఆటగాళ్లకు సుమారు 280 కోట్ల డాలర్ల బకాయి. ఇంత జరిగినా, వారు ఉద్యోగులని ఆ ఒప్పందం అనలేదు. ఆ ఒక్కమాట దగ్గర అందరి నాలుకా మడతపడుతుంది. ఇంకొక తమాషా: మన పిల్లల్లాగా విద్యార్థి వీసా మీద వెళ్లినవారికి ప్రకటనల్లో సంపాదించడానికి వీసా నిబంధనలే అడ్డు. పక్కవాడు పుచ్చుకుంటుంటే చూస్తూ ఆడాలి.

మన తెలుగువారిలోనూ ఈ మలుపు దగ్గర నిలబడినవాడున్నాడు. నెల్లూరు నుంచి వెళ్లిన దంపతుల కుమారుడు నిశేష్ బసవరెడ్డి స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి టెన్నిస్ ఆడుతూ చదివాడు. కళాశాలకు ఆడేవాడు బయటి పోటీల్లో గెలిచిన పైకంలో ఖర్చులకు మించి తీసుకోరాదన్నది అప్పటి అక్కడి రివాజు. 2024 డిసెంబరులో కళాశాల ఆట విడిచి వృత్తి ఆటగాడయ్యాడు. మరుసటి నెలలోనే ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో జకోవిచ్‌తో ఆడి, మొదటి సెట్ గెలిచి, నాలుగు సెట్లలో ఓడాడు. ఓడినా మొదటి రౌండు ఆటగానికి 1,32,000 ఆస్ట్రేలియా డాలర్లు. పంతొమ్మిదేండ్ల కుర్రవాడు చదువు నడుమ బయటికి రావడానికి అది ఒక కారణమై ఉంటే నేను తప్పుపట్టను. ఎటొచ్చీ ఆటకూ చదువుకూ నడుమ గోడ కట్టినవాడు ఆటగాడు కాడు.

మన దగ్గరి పరిస్థితి అమెరికాతో పోల్చదగినది కాదు. మా కరీంనగరం, ఆదిలాబాదు కళాశాలలకు ఆటవల్ల దమ్మిడీ రాదు. చూడవచ్చేవాడే లేడు, టిక్కెట్టు ఎక్కడిది? కనుక లాభంలో వాటా అడగడం ఇక్కడ అర్థంలేని మాట. ఈ సంగతి ఒప్పుకోకుండా అక్కడి తీర్పులను ఇక్కడ వల్లించేవారంటే నాకు విసుగు. అయితే మనం ఆడేవారికి అసలేమీ ఇవ్వడం లేదనుకుంటే అదీ తప్పు. ప్రభుత్వోద్యోగాల్లో క్రీడాకారులకు 2 శాతం, ఇంజనీరింగు వంటి కోర్సుల ప్రవేశాల్లో అర శాతం కేటాయింపు ఉంది. క్రీడా పాఠశాలలు తిండీ చదువూ పెడుతున్నాయి. ఖేలో ఇండియాకు ఎంపికైన పిల్లలకు ఏడాదికి 1,20,000 రూపాయలు చేతిఖర్చు కింద వస్తుంది. పి.వి. సింధు కళాశాల విద్యార్థినిగా ఉండగానే 2013లో భారత్ పెట్రోలియం ఉద్యోగమిచ్చింది. గెలిచాక ప్రభుత్వాలు కోట్లే ఇస్తున్నాయి: 2016లో సింధుకు తెలంగాణ 5 కోట్లు, 2022లో మా పొరుగున నిజామాబాదు బిడ్డ నిఖత్ జరీన్‌కు 2 కోట్లు, తర్వాత డి.ఎస్.పి. కొలువు, 2024లో పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన ఓరుగల్లు సీమ కల్లెడ బిడ్డ దీప్తి జీవాంజికి కోటి. ఒక్క రూపాయి కూడా ఎక్కువ కాదు. కూలి తల్లిదండ్రుల బిడ్డ దీప్తికి దక్కిన కోటిని చూసి నాకు కళ్లు చెమర్చాయి.

కాని ఇదంతా జాతర కడియంలాంటిదే. ఆఖరి కుస్తీ గెలిచినవానిది. పొద్దుటి నుంచి దుమ్ములో పొర్లినవారి మాట కడియంలో లేదు. 2021 మే నెలలో కేంద్ర క్రీడాశాఖ పదమూడు వేలమందికి పైగా క్రీడాకారులకు, శిక్షకులకు 5 లక్షల ఆరోగ్యబీమా, 25 లక్షల ప్రమాదబీమా ప్రకటించింది, మంచిపని. ఆ పదమూడు వేలమంది కూడా పెద్ద జాబితాల్లో చోటు దొరికినవారే. కళాశాల జట్టులో ఏడోవాడు ఏ జాబితాలోనూ లేడు. కళాశాలకు డబ్బు రాదన్నాను గాని, ఏమీ రాదనలేదు. నాక్ వారు కళాశాలలను మదింపు చేసేటప్పుడు విద్యార్థులు తెచ్చిన ఆటల పతకాలను కూడా లెక్కవేస్తారు. అంటే వాని చెమట నివేదికలో ఒక అంకె అవుతుంది. మోకాలు పగిలితే ఆ అంకె మారదు.

ఇది గాలిలోంచి అంటున్న మాట కాదు. ఆ పిల్లవాడు, నేను యాభై ఒక్క రూపాయలు గుంజుకున్నవాడు, ఇంటర్మీడియెట్ దాటి ఒక కళాశాలలో డిగ్రీలో చేరాడు. బహుశా నా గర్జన పనిచేసిందో ఏమో, జాతర కుస్తీలు మానేశాడు. కళాశాలకు కబడ్డీ ఆడాడు. ప్రయాణభత్యం, దినభత్యం, రంగు బనీను, సర్టిఫికెట్టు. రెండో ఏడు కళాశాలల పోటీలో నలుగురు మీదపడి కుడి భుజం ఎముక విరిగింది. కళాశాల వారు ఆటోలో ఆసుపత్రికి పంపారు, అంతవరకు చేశారు. మిగిలిన ఖర్చుకు తండ్రి ఎడ్లజత అమ్మాడు. భుజం సరిగా అతకలేదు. ఆ ఏడు పరీక్షలు పోయాయి, తర్వాత చదువే పోయింది. ఈ సంగతంతా నాకు చాలాకాలానికి, బదిలీ మీద వేరే ఊరికి పోయాక, ఒక పాత సహోద్యోగి చెబితే తెలిసింది. తాలీములోనే ఉండి ఉంటే వాని వస్తాదు ఏం చేసేవాడన్న ప్రశ్న ఆ తర్వాత నన్ను విడిచిపెట్టలేదు. వస్తాదు ఎముక అతికించే విద్య తెలిసినవాడు. మూడు నెలలు పాలు పోయించేవాడు. అది చట్టం కాదు, జమాఖర్చుల పుస్తకం కాదు, అయినా ఒక ఏర్పాటు. దాన్ని నేను 'ఒళ్లమ్ముకోవడం' అని, బడి ఇచ్చిన ఉత్త చేతిని 'పవిత్రం' అని పేరుపెట్టాను.

మా బంధువుల పిల్లవానికి ఇప్పుడు జవాబు ఇలా రాశాను: లాభం వచ్చే చోట వాటా ఇవ్వడం న్యాయమే, దాని మీద వాళ్లు వాళ్లు కోర్టుల్లో తేల్చుకుంటారు. లాభం రాని చోట కూడా ఒక బాకీ ఉంది. తన పేరు మీద ఆడించిన సంస్థ, ఆ ఆటలో విరిగిన ఎముకకు, పోయిన విద్యాసంవత్సరానికి బాధ్యురాలు. మా కళాశాలలు పరీక్ష ఫీజుతోబాటు ఆటల ఫీజు వసూలు చేస్తూనే ఉన్నాయి. జట్టులోని ప్రతి పిల్లవానికి, పతకంతో నిమిత్తం లేకుండా, బీమా; గాయపడితే ఆ ఏడు చదువుకు పూచీ. పట్టుబట్ట అంటే ఇంతే.

గత సంవత్సరం ముధోల్ వైపు ఒక పెళ్లికి వెళ్లి, దారిలో జాతర కనబడితే ఆగాను. కుస్తీల బరిలో మైకు పట్టుకొని జోడీలు కడుతున్నవాణ్ణి చెవిని బట్టి గుర్తుపట్టాను. జుట్టు నెరిసింది, కుడిచెయ్యి భుజం దాటి లేవదు. "సారూ, మీరేనా!" అని వచ్చి కాళ్లకు మొక్కబోతే పట్టుకున్నాను. ఆ యాభై ఒక్క రూపాయల మాట ఎత్తాను. నవ్వి, "అది యాద్కి లేదు సారూ" అన్నాడు. గుర్తులేకపోవడం అబద్ధమని ఇద్దరికీ తెలుసు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి చాయ్ తెప్పించాడు.

కొబ్బరికాయ కుస్తీలు నడుస్తున్నాయి. పదేండ్ల పిల్లవాడొకడు కింద పడి వేలు మెలికపడి ఏడుస్తున్నాడు. వీడు మైకు పక్కవానికిచ్చి, పోయి ఆ వేలు పట్టి చూశాడు. ఒక కుర్రవాణ్ణి పిలిచి బండి మీద భైంసా దవాఖానకు తీసుకుపొమ్మన్నాడు. జేబులోంచి మడతపడిన నోటుపుస్తకం తీసి, ఎడమచేత్తోనే, పిల్లవాని పేరు, ఊరు, ఇచ్చిన మూడు వందలు రాసుకున్నాడు. ఏమిటని అడిగాను. జాతర చందాలో కడియానికి తీయకముందే దీనికి తీసిపెడతామన్నాడు. "దెబ్బల పైసలు సారూ" అని, మళ్లీ బరిలోకి పోయాడు.